కటింగ్ కాక దుకాణం మూసిన పది రోజులు

గోదావరిఖనిలో మా క్వార్టర్ల వరుస దాటాక, రోడ్డు మలుపు తిరిగే చోట ఒక కటింగ్ షాపు ఉంది. రేకుల కప్పు, రెండు కుర్చీలు, గోడకు నిలువెత్తు అద్దం. కుర్చీలు రెండున్నా పనిచేసేది ఒక్కరే. చిన్నా పెద్దా అందరూ ఆయన్ని కాక అనే పిలుస్తారు. నా మొదటి గడ్డం గీసింది ఆయనే. ఇప్పుడు నేను ఓపెన్‌కాస్ట్ బొగ్గు గని వర్క్‌షాపులో ఫిట్టర్‌ని, ఒక పాపకు తండ్రిని. అయినా ఆ కుర్చీలో కూర్చుంటే నా తలను పదేళ్ల పిల్లవాడి తలలాగే రెండు వేళ్లతో వంచుతాడు.

కాకకు మనుషుల పేర్లు గుర్తుండవు. తల చూస్తే మాత్రం అన్నీ చెబుతాడు. "నాకు పేర్లు నిలువయి బిడ్డా, సుడులు నిలుస్తయి" అంటాడు. ఎవరికి రెండు సుడులున్నాయో, ఎవరికి చెవి వెనక చిన్నప్పటి మచ్చ ఉందో, ఎవరికి నడినెత్తిన పలచబడుతోందో ఆయనకు తెలుసు.

రెండేళ్ల కిందట, వానలు మొదలైన రోజుల్లో, ఒక ఆదివారం మా పాపను ఆయన దగ్గరికి తీసుకెళ్లాను. పాపకు అప్పుడు ఐదేళ్లు. బడికి పోయేటప్పుడు తల దువ్వే గొడవ తగ్గుతుందని మెడ దాకా కత్తిరింపించాం. కాక పాపతో మాట్లాడుతూ మాట్లాడుతూ పని కానిచ్చి, మెడ మీద పౌడరు వేసి బ్రష్షుతో దులిపి, "ఇగ పో, అద్దంల సూస్కో" అన్నాడు.

ఆ బుధవారానికి పాప ముక్కు కింద, మెడ వెనక, ఒక చెవి దగ్గర నీటి పొక్కులు లేచాయి. మరునాటికి అవి చితికి, పైన బెల్లం పాకం ఎండినట్టు పసుపుపచ్చని పక్కు కట్టింది. నేను మొదటి షిఫ్టులో ఉన్నాను. నా భార్య పాపను బస్తీ దవాఖానకు తీసుకెళ్లింది. డ్యూటీ దిగి ఇంటికొచ్చేసరికి పాప మంచం మీద ఒంటరిగా కూర్చుని ఉంది. దాని తువ్వాల, దిండు గలీబు, గౌను బయట బొగ్గు పొయ్యి మీద మరిగే నీళ్లలో ఉన్నాయి.

"అంటుకునే పుండ్లట" అంది నా భార్య. "ముట్టుకుంటె అంటుకుంటదట. డాక్టరమ్మ ఇంగ్లీషుల ఏదో పేరు చెప్పింది, ఇంపెటిగోనో ఏమో. ఈ నడుమ కటింగ్ చేయించిన్రా, ఎవరిదన్న తువ్వాల వాడిన్రా అని అడిగింది."

డాక్టరమ్మ అడిగిన వాటిలో నా చెవికి కటింగ్ ఒక్కటే ఎక్కింది. గ్రీజు మరకల బట్టలతోనే షాపుకు నడిచాను. కుర్చీలో ఒక కుర్రాడు తల వంచి కూర్చున్నాడు. బెంచీ మీద ముగ్గురు వంతు కోసం చూస్తున్నారు. ఆ ముగ్గురూ నన్ను ఎరిగినవాళ్లే.

"ఏంది కాకా, గిట్లనా పనిచేసుడు? ఒక్క తువ్వాలతోని ఊరందరి మూతులు తుడుస్తవా? నా బిడ్డ మొకం నిండ పుండ్లయినయి" అన్నాను. ఇంకా ఏవేవో అన్నాను. అవన్నీ ఇక్కడ రాయడానికి సిగ్గేస్తుంది.

కాక మెషిన్ ఆపాడు. నేను అనుకున్నదేమిటంటే, ఆయన కోప్పడతాడని, లేదా ప్రతివాడికీ కొత్త బ్లేడు వేస్తానని ఆ బ్లేడు ముక్కలు చూపిస్తాడని. అది నిజం కూడా. బ్లేడు విషయంలో ఆయన్ని ఎవరూ తప్పు పట్టలేరు. కానీ ఆయన ఆ మాటే ఎత్తలేదు.

"యాడ లేచినయి బిడ్డా?" అని అడిగాడు.

"ముక్కు కింద, మెడకు, చెవి కాడ."

"మెడకు" అని మళ్లీ తనలో తాను అనుకున్నట్టు అన్నాడు. పౌడరు బ్రష్షును చేతిలోకి తీసుకుని చూశాడు. తర్వాత తన కుడిచేతి చిటికెన వేలు నా ముందుకు చాపాడు. గోరు పక్కన ఎర్రగా వాచి, పసుపు రాసిన చోట తడి ఊరుతోంది. "నాలుగు దినాల నుంచి ఉన్నది. గోరుచుట్టు అనుకున్న. ఇది గదేనా?"

నాకేం తెలుసు?

కాక కుర్చీలోని కుర్రాడి మెడకున్న గుడ్డ విప్పాడు. అతని తల ఒక పక్క నున్నగా, ఇంకో పక్క గుబురుగా ఉంది. "తమ్మీ, సగం కటింగ్ తోని పంపుతున్న, ఏమనుకోకు. ఇంకో దుకాణంల మిగిలింది చేయించుకో. ఇంటికి పోంగనే మెడ, చెవులు సబ్బు పెట్టి కడుక్కో" అన్నాడు. బెంచీ మీది వాళ్లతో, "ఇయ్యాల బంద్ అన్నా. నా ఏలుకు పుండయింది, మీకు అంటుకుంటది" అన్నాడు. వాళ్లు లేచి వెళ్లిపోయాక షట్టరు దించాడు. ముప్పై ఏళ్లలో పండగలకు, చావులకు తప్ప పట్టపగలు ఆ షట్టరు దిగడం నేను చూడలేదు.

నేను గెలిచినవాడిలా ఇంటికొచ్చాను. షాపులో ఏమేం అన్నానో నా భార్యకు చెప్పాను. ఆమె పాప పుండ్ల మీద గోరువెచ్చని నీళ్లలో తడిపిన మెత్తటి గుడ్డ అద్ది పెడుతోంది. పక్కు నానితే గానీ మందు లోపలికి పట్టదని, గోటితో పీకొద్దని డాక్టరమ్మ చెప్పిందట. నానిన పక్కును మెల్లగా తుడిచి, మలాము రాసి, చేతులు సబ్బుతో కడుక్కుని వచ్చి నా ముందు నిలబడింది.

"కాకను ఎందుకన్నవు? ముక్కు కింద పొక్కు ఆదివారం కంటె ముందే ఉండె. దోమ కుడితె గీరుకున్నదనుకొని నేనే కొబ్బరినూనె రాసిన. నువ్వు సూడలేదా?"

చూశాను. శనివారం పాపకు అన్నం తినిపిస్తూ మూతి తుడిచినప్పుడు ఆ పొక్కు చూశాను. పాప "మంట" అంటే ఊదాను కూడా. దుకాణంలో నిలబడి అరిచినప్పుడు అది నాకు గుర్తు లేదు. గుర్తు లేదని అనడం కన్నా, గుర్తు చేసుకోలేదని అనడమే నిజం.

మరునాడు పొద్దున్నే కాక మా గుమ్మం ముందుకొచ్చాడు. లోపలికి రాలేదు. వేలికి శుభ్రమైన గుడ్డ కట్టుకుని ఉన్నాడు. "నన్ను ఆ డాక్టరమ్మ దగ్గరికి తీస్కపో బిడ్డా. ఏలు సూపియ్యాలె. ఇంకొన్ని సంగతులు అడగాలె" అన్నాడు.

నాకు ఆరోజు డ్యూటీ లేదు. బండి తీశాను. వెనక కూర్చున్నాక, ఆయన ముఖం నాకు కనపడదు కాబట్టి ధైర్యం చేసి చెప్పాను. "కాకా, పొక్కు ముందుగాలనే ఉన్నదట. మా పాపనే నీ దుకాణానికి తెచ్చిందో ఏమో. నిన్న నేను..."

ఆయన నన్ను పూర్తి చేయనివ్వలేదు. "యాడికెళ్లి వచ్చిందన్నది తర్వాత సూద్దాం. యాడికి పోతున్నదో అది సూడాలె ముందు. ఆదివారం సంది ఎంతమంది కూసున్నరో ఆ కుర్చీల" అన్నాడు.

డాక్టరమ్మ వయసులో చిన్నది. ముప్పై ఉంటాయేమో. కాక వేలు చూసి, మాత్రలు రాసి, అది పూర్తిగా ఎండేదాకా ఎవరి తలా ముట్టవద్దని చెప్పింది. అక్కడితో పని అయిపోయిందనుకుని నేను లేచాను. కాక లేవలేదు.

"ఇది గాలికి వస్తదా అమ్మా?"

"లేదు. పుండులోని రసి తగిలితేనే వస్తుంది. చెయ్యి, తువ్వాల, బట్ట, ఏదైనా కావచ్చు."

"దువ్వెనకు?"

"అంటొచ్చు."

"పౌడరు బ్రష్షుకు?"

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. "ఒకే బ్రష్షుతో అందరికీ దులుపుతారా?"

"దులుపుత. మెడ మీద సన్న కోతలుంటయి గద. ఆ కోతలకెళ్లి లోపటికి పోతదా?"

"పోతుంది. చర్మం తెగినచోటే అది దిగుతుంది."

కాక తల ఊపాడు. ఆయన అడిగిన ప్రశ్నలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. అంటుకున్నాక ఎన్నాళ్లకు బయటపడుతుంది? సబ్బు నీళ్లు చాలా, మరిగే నీళ్లు కావాలా? మరిగిస్తే ప్లాస్టిక్ దువ్వెన వంకరపోతుంది, దానికేం చెయ్యాలి? మెషిన్ బ్లేడును నీళ్లలో వెయ్యలేం, మరి దాన్నెట్లా తుడవాలి? వర్క్‌షాపులో కొత్త యంత్రం వస్తే మా పెద్ద ఫిట్టరు కంపెనీ ఇంజనీరును అడిగే పద్ధతి అది. డాక్టరమ్మ ఒక్కోదానికీ ఓపికగా చెప్పింది. ఎండకుండా తడి ఊరుతున్నంత కాలం పిల్లలు బడికి పోకూడదని, మందు మొదలుపెట్టి ఒకటి రెండు రోజులు గడిచాక, పుండ్లు ఎండుతుంటే పంపవచ్చని చెప్పింది. తగ్గినట్టు కనపడినా మందు మధ్యలో ఆపవద్దంది. మందుల షాపులో చీటీ లేకుండా ఇచ్చే స్టెరాయిడ్ క్రీము రాస్తే దురద తగ్గి రోగం పెరుగుతుందని హెచ్చరించింది. చివర్న ఒక మాట చెప్పింది. వందలో ఏ ఒక్కరికో పుండ్లు మానుతున్నాక కూడా కిడ్నీ మీదికి పోవచ్చు. పొద్దున్నే ముఖం, కళ్లు ఉబ్బినా, మూత్రం చాయ రంగులో వచ్చినా క్షణం ఆగకుండా తీసుకురావాలి.

"కళ్లు ఉబ్బుడు, చాయ రంగు" అని కాక రెండుసార్లు అనుకున్నాడు.

బయటికొచ్చాక, "నీ బండి నాకు రెండు మూడు దినాలు కావాలె. నువ్వు గూడ కావాలె, నాకు బండి రాదు" అన్నాడు.

నేను షిఫ్టు మార్పించుకున్నాను. మూడు పొద్దుల పాటు ఇద్దరం ఇల్లిల్లూ తిరిగాం. ఆయన దగ్గర కాగితం లేదు. "ఆదివారం నీ బిడ్డ తర్వాత రెండు సుడుల పోరడు. సెంటినరీ కాలనీల వాళ్ల మేనమామ ఇల్లు, ఆడికి పోయిన్రు" అనేవాడు. "ఆ ఎన్క ఎర్ర ఎంట్రుకల పోరి. వాళ్ల నాయిన లారీ మెకానిక్." అలా ఒక్కొక్క తలా పట్టుకుని ఇంటి దాకా తీసుకెళ్లేవాడు. గుమ్మం దగ్గర నిలబడి, చేతులు వెనక పెట్టుకుని, ఎక్కడైనా ఒకే మాట: "నా ఏలుకు అంటుపుండు అయింది. మీ పిలగానికి కటింగ్ చేసిన. మెడ, చెవులు, ముక్కు సూడున్రి. పొక్కు లేస్తె బస్తీ దవాఖానకు పోవాలె. తువ్వాల వేరు పెట్టున్రి, గోర్లు కత్తిరియ్యున్రి."

నా పాప పేరు ఎక్కడా చెప్పలేదు. నన్ను చూపించలేదు. తప్పంతా తన వేలి మీదే వేసుకున్నాడు. మొదటి ఇంట్లో ఇది విని నేను నోరు తెరవబోతే, మోచేత్తో నన్ను పొడిచాడు. దిగి వచ్చాక, "పోరి బడికి పోవాలె గద. అందరు దాన్ని ఏలు పెట్టి సూపియ్యొద్దు" అన్నాడు.

మెకానిక్ ఇంట్లో ముసలామె మమ్మల్ని కూర్చోబెట్టి చాయ్ ఇచ్చింది. "ఫికర్ నక్కో భయ్యా, బాధపడకు. చెప్పినవు అదే చాలు" అంది. వాళ్ల పాప మెడ మీద అప్పుడే రెండు పొక్కులు లేచి ఉన్నాయి. ఇంకో ఇంట్లో ఒకాయన షిఫ్టుకు పోతూ బూట్లు వేసుకుంటున్నాడు. మాట పూర్తి కాకముందే లేచి, "ముప్పై ఏండ్ల సంది కత్తి పడుతున్నవు, గింత తెల్వదా" అని, మరి కొన్ని మాటలూ అన్నాడు. కాక విన్నాడు. ఆయన ఆపాక, "బాబు మెడ ఒక్కపాలి సూడు అన్నా" అన్నాడు. ఆ మనిషి గొణుక్కుంటూనే కొడుకును పిలిచి చొక్కా కాలరు కిందికి లాగి చూశాడు. ఏమీ లేదు. కాక ఊపిరి వదిలిన చప్పుడు నాకు వినపడింది.

మూడో రోజు మేము వెళ్లిన ఇంటి పక్కింటి గుమ్మానికి వేప మండలు కట్టి ఉన్నాయి. గడప ముందు పసుపునీళ్లు చల్లారు. ఆ ఇంటి పిల్లవాడు మూడు వారాల కిందట కటింగ్‌కు వచ్చాడు, ఆదివారం వాళ్ల లెక్కలో లేడు. అయినా ఆ మండలు చూసి కాక ఆగాడు.

"ఎవరికి పోసింది అవ్వా?" అని గేటు బయటి నుంచే అడిగాడు.

"మనుమనికి" అంది లోపలి నుంచి వచ్చిన నాయనమ్మ. "అమ్మవారు. లోపటికి రావద్దు, తానాలు చేయకుండ ఎవ్వరు రావద్దు."

"రాను. ఒంటి నిండ పోసిందా? పొట్ట మీద, ఈపు మీద?"

"లేదు. మూతి కాడ, కాళ్లకు. పది పదిహేను దినాలయె. ఎండుతున్నయి ఇగ."

"జరం వచ్చెనా?"

"రాలె."

కాక నా వైపు ఒకసారి చూశాడు. ఆ ఇంటి నమ్మకాన్ని ఒక్క మాట అనలేదు. "అవ్వా, తల్లికి నేను గూడ మొక్కుత. ఒక్క మాట చెప్పు. పొద్దుగాల లేసినప్పుడు పోరని కళ్లు ఎట్లున్నయి?"

ఆమె లోపలికి తిరిగి కోడలిని పిలిచింది. కోడలు వెనక నుంచి వచ్చింది. "రెండు దినాల సంది ఉబ్బినయి. నిద్ర ఎక్కువయింది అనుకుంటున్నం" అంది.

"మూత్రం?"

కోడలు అత్త ముఖం చూసింది. "చాయ లెక్క వస్తున్నది. నీళ్లు తక్కువ తాగుతున్నడని అత్తమ్మ అన్నది."

"బిడ్డా, పోరన్ని ఎత్తుకో. బండి ఉన్నది. ఇప్పుడే పోవాలె." కాక గొంతు పెద్దది చెయ్యలేదు. కానీ ఆ మాట విన్నాక ఆ ఇల్లాలు చెప్పులు వెతుక్కోలేదు. నాయనమ్మ అడ్డం పడుతుందేమో అనుకున్నాను. ఆమె గడప మీద కూర్చుండిపోయి, "తల్లికి కోపమొస్తదేమో" అంది.

"మండలు గట్లనే ఉంచు అవ్వా. నువ్వు దీపం పెట్టు, మేము దవాఖానకు పోతం. రెండు పనులు ఎవరివి వాళ్లు చేసుకుందాం" అన్నాడు కాక.

నా బండి మీద తల్లీ కొడుకూ ఎక్కారు. కాక ఆటో పట్టుకుని వెనకే వచ్చాడు. డాక్టరమ్మ బీపీ చూసి, మూత్రం పరీక్ష చేయించి, మధ్యాహ్నానికల్లా కరీంనగర్ పంపించింది. పిల్లవాడు అక్కడ వారం పైన ఉన్నాడు. ఉప్పు మాన్పించి, నీళ్లు కొలిచి ఇచ్చి, మందులు వాడారు. మెల్లగా వాపు తీసింది. పిల్లలకు ఇది ఎక్కువమందికి పూర్తిగా నయమవుతుందని, అయితే ఆలస్యం కాకపోవడం మంచిదైందని అక్కడి డాక్టర్లు తల్లికి చెప్పారట. ఇప్పుడా పిల్లవాడు మా పాపతో పాటు అదే బడిలో పరుగులు తీస్తున్నాడు.

అది కాక వేలి నుంచి పోయింది కాదని లెక్క చూస్తే తెలుస్తుంది. ఆ పిల్లవాడికి కాక కన్నా, మా పాప కన్నా ముందే మొదలైంది. ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో డాక్టరమ్మ కూడా చెప్పలేనంది. వానాకాలంలో దోమకాటు దగ్గర మొదలై, బడిలో, ఇంట్లో, దుకాణంలో అది తిరుగుతూనే ఉంటుందట.

ఇంట్లో మేమూ నేర్చుకున్నాం. నల్లా నీళ్లు రోజు విడిచి రోజు వచ్చే మా వరుసలో చేతులు కడగడం మీద ఇన్ని నీళ్లు ఖర్చవడం అదే మొదలు. నా భార్య పాప చేతిగోళ్లు పొట్టిగా కత్తిరించి, రాత్రిళ్లు గీరుకోకుండా నా పాత సాక్సులు తొడిగింది. పాప వాటిని బొమ్మలు చేసుకుని మాట్లాడేది. ఆరో రోజుకు పుండ్లు ఎండాయి. పదో రోజుకు లేత గులాబీ మచ్చలు మిగిలాయి, తర్వాత అవీ పోయాయి. డాక్టరమ్మ ఇచ్చిన తాగే మందు మాత్రం చివరి చుక్క దాకా పట్టించాం.

కాక వేలు మానడానికి పది రోజులు పట్టింది. పదకొండో రోజు ఆదివారం. షట్టరు ఎత్తాడు. నేను వెళ్లేసరికి పౌడరు బ్రష్షు గోడకు లేదు. దాని చోట తెల్లటి గుడ్డముక్కల కట్ట ఉంది, ఒకరికి ఒకటి. స్టీలు దువ్వెనలు కొత్తగా వచ్చాయి. మూలన స్టవ్వు మీద గిన్నె మరుగుతోంది. మెషిన్ పక్కన స్పిరిటు సీసా. ఎప్పుడూ నిండి ఉండే బెంచీ మీద ఇద్దరే ఉన్నారు. కాలనీలో మాట పాకింది. నిజం చెప్పినందుకే జనం ఆయన దగ్గరికి రావడానికి జంకుతున్నారు.

ఆ ఇద్దరిలో ఒకతను, ఆ రోజు నేను అరిచినప్పుడు బెంచీ మీద ఉన్నవాడే. నేను కూర్చోకుండా నిలబడి చెప్పాను. "అన్నా, ఆనాడు కాకను నేను అన్నది తప్పు. పుండు మా ఇంట్ల ముందుగాలనే ఉండె. నేను సూసి గూడ తోల్కొచ్చిన." కాక కత్తెర ఆడిస్తూనే ఉన్నాడు. తర్వాత నా వంతు వచ్చాక నా తలను ఎప్పటిలాగే రెండు వేళ్లతో వంచాడు. నేను పాపను కూడా తీసుకెళ్లాను. ఆమెకు కటింగ్ అవసరం లేదు. అయినా కుర్చీ మీద పీట వేసి కూర్చోబెట్టి, చెవుల దగ్గర నాలుగు వెంట్రుకలు కత్తిరించాడు. బయట పోయేవాళ్లు చూడాలని నేను షట్టరు పూర్తిగా పైకెత్తి పెట్టాను. నెల తిరిగేసరికి బెంచీ నిండింది.

తర్వాత ఒక శనివారం బడిలో తల్లిదండ్రుల సమావేశం పెట్టారు. అంటుపుండ్ల గురించి చెప్పమని హెడ్‌మాస్టరమ్మ డాక్టరమ్మను పిలిచింది. డాక్టరమ్మ తన వెంట కాకను తెచ్చింది. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని, నల్లబల్ల పక్కన నిలబడి, ఆయన చాలా తక్కువ మాట్లాడాడు. పక్కు ఎట్లా ఉంటుందో చెప్పాడు. తువ్వాల ఎవరిది వాళ్లకు ఉండాలని, పుండున్న పిల్లను తిట్టకూడదని, వేరుగా కూర్చోబెట్టి ఏడిపించకూడదని చెప్పాడు. పుండు కనపడితే తన కుర్చీ ఎక్కించనని, మానాక రమ్మని పంపుతానని, అట్లా పంపినందుకు ఎవరూ చిన్నబుచ్చుకోవద్దని చెప్పాడు.

ఒక తల్లి లేచి, "కాకా, మా చిన్నోనికి మోకాలి మీద తెల్లగ పొడలు లేస్తున్నయి, గది గూడ ఇదేనా?" అని అడిగింది.

అందరం ఆయన వైపు చూశాం. కాక కొంచెం ఆలోచించాడు.

"అది నాకు తెల్వదు బిడ్డా" అన్నాడు, "డాక్టరమ్మను అడుగు, గీడనే ఉన్నది" అని పక్కకు జరిగి ఆమెకు చోటిచ్చాడు.